రెండోసారి కొట్టే గంట

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క మాట కల్పించినా, వచ్చే ఆదివారం చర్చి పూజలో సత్ప్రసాదం ముట్టను. ఈ వయసులో నాలాంటి మనిషి ఆ ఒట్టు ఊరికే పెట్టుకోదు.

మా పక్కింటి సరోజన వదిన మాత్రం నమ్మదు. వాళ్లది కిరాణా దుకాణం. తక్కెడ ముందు కూర్చుని జీవితం గడిపిన మనిషి. "జలుబు గోళీ ఏసుకొని పన్నవ్ వదినా, కలొచ్చింది" అంటుంది.

ఆ రోజు నేను ఏ గోళీ వేసుకోలేదు. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటాను. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. నిద్రపోలేదు. పడక కూడా ఎక్కలేదు. వరంగల్‌లో ముప్పై నాలుగేళ్లు బడి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. విన్నది విన్నట్టు చెబుతాను. తెలియనిచోట తెలియదనే అంటాను. ఇందులో నాకు తెలియనిదే ఎక్కువ.

మా తమ్ముడు శౌరి ఫాదర్. ఫ్రాన్సులో, పట్నాలకు దూరంగా, పల్లెటూళ్ల విచారణ, అంటే అక్కడి చర్చిల బాగోగులు, చూసుకుంటాడు. ఒకప్పుడు ఆ దేశాల నుంచి మన దగ్గరికి ఫాదర్లు వచ్చేవారు. ఇప్పుడు అక్కడ గుళ్లున్నాయి, ఫాదర్లు లేరు. వాడొక్కడి కింద పంతొమ్మిది ఊళ్లు, పంతొమ్మిది రాతి గుళ్లు.

వాడు పుట్టిన మూడో నెలలో మా అమ్మ పోయింది. అప్పటికి నాకు పన్నెండేళ్లు. వాణ్ని చంకన వేసుకుని పెంచింది నేనే. పెళ్లి చేసుకోలేదు. లోకమంతా వాణ్ని ఫాదర్ అంటుంది, నేను 'రా' అంటాను. నాకంటూ ఉన్నది వాడొక్కడే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే... ఆ రాత్రి నా భయం దయ్యాల గురించి కాదు. వాడి గురించి.

మూడేళ్ల కింద అక్టోబరులో వాడి దగ్గరికి పోయాను. ఆ ఊరి పేరు నా నోటికి ఒక్కనాడూ సరిగ్గా రాలేదు. రాయను కూడా. చిన్న ఊరు. చుట్టూ ఓక్ చెట్ల అడవి. ఏటూరునాగారం అడవిలా పలికే అడవి కాదు అది. పురుగు అరవదు. కోతి దూకదు. ఆకు రాలితే వినబడుతుంది. గుట్ట మీద కూలిపోయిన కోట బురుజు ఒకటి. కింద ఏరు. ఏటి పక్కన, పూర్వం ఆడవాళ్లు బట్టలు ఉతుక్కున్న రాతి తొట్టి, దాని మీద పెంకుల కప్పు. ఏటి మీద పాత రాతి వంతెన. ఒక్క కారు పడుతుంది. పక్క గోడలు మోకాలి ఎత్తే.

ఊరి నడుమ గుడి. మన రామప్ప గుడి కట్టిన రోజుల్లోనే దాన్నీ కట్టారని శౌరి చెప్పాడు. గుడి చుట్టూ సమాధులు. సమాధులకు ఎదురుగా ఫాదర్ బంగళా. నడుమ గులకరాళ్ల దారి ఒకటి, అంతే.

ఆ గుడి గంటకు ఒక పద్ధతి ఉంది. ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది. ఏడు అయితే ఏడు దెబ్బలు. కాసేపు ఆగి మళ్లీ ఏడు.

"పొలంల ఉన్నోళ్లు మొదటిసారి లెక్క తప్పుతరు గదక్కా," అన్నాడు శౌరి. "రెండోసారి సరిగ్గ ఇంటరని."

లెక్క సరిచూసుకోనిచ్చే గంట! నాకు ఎంత నచ్చిందో. మొదటిదానికీ రెండోదానికీ మధ్య రెండు నిమిషాలు. వెళ్లిన వారంలోనే చేతి గడియారం పెట్టి చూశాను. ఏ రోజూ తేడా రాలేదు. రాత్రి పదికి ఆఖరిది. ఆ తర్వాత తెల్లవారే దాకా గంట కొట్టదు.

బంగళా పక్కిల్లు ఓదెత్ అనే ముసలావిడది. నాకంటే పెద్దది. తోటలో చెక్కబూట్లు తొడుక్కుని తిరిగేది. ఒకే దుంగను తొలిచి చేసినవి. రాళ్ల మీద టక్... టక్... మని దూరం నుంచే తెలిసిపోయేది. లోపలికి వచ్చేముందు గుమ్మం దగ్గర వాటిని విడిచేది, మనం చెప్పులు విడిచినట్టే. ఆ ఒక్క అలవాటుకే నాకు సొంత మనిషిలా అనిపించింది. నా పేరు లూర్దమ్మ అని శౌరి చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. లూర్దు మాత వాళ్ల దేశంలోనే కదా! నేను ఆ లూర్దు నుంచే వచ్చానని నాలుగు రోజులు అనుకుందట.

ఇక అసలు సంగతి.

నవంబర్ రెండు సమాధుల పండుగ. మనకూ అదే, వాళ్లకూ అదే. మనం సమాధులు కడిగి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు, అగరొత్తులు వెలిగిస్తాం. వాళ్లు చామంతి కుండీలు పెడతారు. వారం ముందు నుంచే దుకాణాల ముందు చామంతులు... పసుపువి, తెల్లవి, ఇటుక రంగువి. ఆ చలిలో, ఆ బూడిద రంగు ఊళ్లో వాటిని చూసేసరికి మన పూల మార్కెట్ వాసన వచ్చినట్టే అయింది.

మూడో తేదీ శౌరి పుట్టినరోజు. వాడి పుట్టినరోజు తెల్లవారేసరికి నా గుమ్మానికి చామంతి దండ ఉండాల్సిందే. వాడు సెమినరీకి పోయినా, దేశం దాటినా నేను కట్టడం మానలేదు. ఈసారి ఎదురుగా ఉన్నాడు. వదులుతానా? రెండో తేదీ సాయంత్రం కుండీలు కొని తెచ్చి, పూలన్నీ కోసి, నా పెట్టెలోని తెల్లదారంతో దండ కట్టాను. బంగళా తలుపు చుట్టూ, బారుగా, మన పద్ధతిలో వేలాడదీశాను.

అప్పుడే ఓదెత్ వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో ఉడికించిన చెస్ట్‌నట్ గింజలు. తలుపు చూసి ఆగిపోయింది. నన్ను చూసింది. మళ్లీ తలుపు చూసింది. సిలువ గుర్తు వేసుకుంది. గొంతు తగ్గించి ఒకే మాట అడిగింది.

"క్వీ?"

నాకు అర్థం కాలేదు. లోపలి నుంచి శౌరి వచ్చి దండ చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అక్కా! ఏం పని జేసినవ్!"

"ఏం జేసిన? రేపు నీ పుట్టినరోజు గాదా?"

"ఎవరు అని అడుగుతాంది ఆమె. మనింట్ల ఎవరు పోయిండ్రని."

"పోవుడేందిరా?"

"చామంతి ఇక్కడ సమాధులకే. ఇంటికి కట్టరు. మనకాడ బతికున్నోని ఫొటోకు దండేస్తే ఎట్లుంటది? గట్లనే గిది. ఇంట్ల శవం ఉన్నదన్నట్టు."

తప్పు జరిగిందని తెలిసింది. కానీ నా మొండితనం నాది. "ఏ దేశంల ఉన్నదో పువ్వుకేం తెలుసురా? రేపు నువ్వు లేచి చూసినంక తీస్త."

శౌరి నవ్వాడు. "ఉండనీ తియ్. నాకైతే మనిల్లు లెక్కనే ఉన్నది. ఓదెత్ మాత్రం ఇయ్యాల నిద్రపోదు."

ఓదెత్ లోపలికి రాలేదు. గిన్నెను గుమ్మం బయటే రాతి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

అన్నం, పప్పు తిని లేచేసరికి ఫోన్ వచ్చింది. అడవికి అవతల ఒక పొలం ఇల్లు. అక్కడ ముసలాయన ఆఖరి ఘడియల్లో ఉన్నాడట. శౌరి చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే అవస్థ నూనె, సత్ప్రసాదం సర్దుకుంటున్నాడు. కిటికీ బయట పొగమంచు... ఎదురుగా ఉన్న గుడే కనిపించడం లేదు.

"తెల్లారి పోరాదురా?"

"సచ్చెటాయన తెల్లారిందాక ఆగుతడా అక్కా?"

"పొద్దటి సంది మూడు గుళ్లు తిరిగినవ్. నీ కండ్లు మూతలు పడ్తానయ్."

"జర ఫికర్ జెయ్యకు. పదింటికల్ల వస్త. గడియ పెట్టుకో."

కారు వెనక ఎర్ర దీపాలు కాసేపు కనబడ్డాయి. తర్వాత మంచు వాటినీ మింగేసింది.

తలుపు గడియ పెట్టాను. ఆ తలుపుకు లోపల ఒక గొలుసు కూడా ఉంది. అదీ తగిలించాను. నిప్పుగూడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నడుమ కాసేపు పడిన వాన అప్పటికి ఆగింది. చూరు నుంచి చుక్క... చుక్క. ఇంకే చప్పుడూ లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన చప్పుడు వానది కాదు.

గంట కొట్టింది. లెక్కపెట్టాను. పది.

శౌరి రాలేదు.

సరే, రెండోసారి కొట్టేలోపు వస్తాడులే అనుకున్నాను. జపమాల చేతిలోకి తీసుకున్నాను. వాడి కోసమే చెప్పుకుందామని సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టాను. జపమాల అంటే ఐదు రహస్యాలు, ఒక్కో రహస్యానికి పది పూసలు.

మొదటి రహస్యం సగంలో ఉండగా... టక్.

గులకరాళ్ల మీద.

టక్... టక్...

ఓదెత్ అనుకున్నాను. గిన్నె కోసం వచ్చిందేమో. లేవబోయాను. అంతలో వెనకాల ఇంకొకటి. దాని వెనక ఇంకా. ఒక్క మనిషి కాదు. చాలామంది. ఒకరి వెనక ఒకరు. తొందర లేదు. మాట లేదు. ఎటునుంచి వస్తున్నారో చెప్పలేను. తలుపు సమాధుల వైపే ఉంది, అంతవరకే చెప్పగలను.

వాళ్లలో ఒకరి నడక వేరు. చెక్కబూటు ఒకటి పడేది, ఆ వెంటనే సన్నగా కర్ర తాకేది. టక్... ఠప్. టక్... ఠప్.

గుమ్మం దగ్గరికి వచ్చి ఆగారు.

ఆ తర్వాత విన్నది ఇది. బూట్లు విడుస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు. రాతి మెట్టు మీద చెక్క పెట్టిన చప్పుడు. మెల్లగా... మర్యాదగా. ఎవరో దగ్గు ఆపుకున్నారు. ఆ చప్పుడు నాకు తెలుసు. మా వీధిలో ఎవరింట్లోనైనా చావు జరిగితే, రాత్రి తోడు కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఇట్లాగే వస్తారు. పిలవరు. తలుపు కొట్టరు. చెప్పులు విడిచి నిలబడతారు.

తలుపు కింద సందులోంచి బయటి దీపం వెలుగు ఒక గీతలా లోపలికి పడేది. ఆ గీత ఒకచోట తెగింది. ఇంకోచోట తెగింది. చూస్తుండగానే... గీత లేదు. మొత్తం నలుపు.

నా పెదాలు జపం చెబుతూనే ఉన్నాయి. చేతి వేళ్లు పూసలు జరుపుతూనే ఉన్నాయి. రెండో రహస్యం అయింది. మూడోది అయింది. చెవి మాత్రం గంట కోసం. కొట్టాలి కదా. ఎందుకు కొట్టదు? రెండోసారి ఎందుకు కొట్టదు?

తడిసిన ఉన్ని వాసన. ఆర్పిన కొవ్వొత్తి వాసన.

నాలుగో రహస్యం చివర్లో ఉండగా, తలుపు అవతల నుంచి ఒక గొంతు...

"క్వీ?"

ఆడదో మగవాడో చెప్పలేను. బెదిరింపు కాదు. కోపం లేదు. చావింటికి వచ్చినవాళ్లు అడిగినట్టే, తగ్గించి, జాలిగా. అందుకే ఎక్కువ భయం వేసింది.

నాకు ఆ భాషలో తెలిసిన ఒకే మాట అది. సాయంత్రమే నేర్చుకున్నాను. ఎవరు?

నా నోట్లో ఉన్నది ఒకే పేరు. గంటన్నర నుంచి మనసులో తిప్పుకుంటున్న పేరు. ఊపిరి వదిలితే అదే బయటికి వచ్చేలా ఉంది. అది బయటికి వస్తే ఏమవుతుందో నాకు తెలియదు. కానీ ఒకటి మాత్రం తెలిసింది... రాకూడదు. పెదాలు బిగపట్టాను. పళ్ల మధ్య నాలుక నొక్కుకున్నాను. నెత్తురు ఉప్పగా తగిలింది.

మళ్లీ అడిగారు. "క్వీ?"

లేచాను. ఎట్లా లేచానో తెలియదు. తలుపు దగ్గరికి వెళ్లి, మన మాటల్లోనే చెప్పాను.

"ఎవ్వరు లేరయ్యా. ఈ ఇంట్ల ఎవ్వరు పోలే. తెల్వక కట్టిన పువ్వు గది. తప్పు నాదే. తీస్కపోండ్రి."

గడియ తీశాను. గొలుసు తియ్యలేదు. చేయి పట్టేంత సందు. కళ్లు పైకెత్తలేదు. నా చేతినే చూసుకుంటూ, బయటికి పెట్టి, తడిమి, దండను లాగాను. దారం ఒకచోట పట్టేసింది. ఇంకా గట్టిగా లాగాను. వచ్చింది. సందులోంచి ముందుకు చాపాను.

తీసుకున్నారు.

లాక్కోలేదు. మనం ఇస్తే ఎదుటివాళ్లు అందుకుంటారు చూడండి... అట్లా. బరువు నా చేతిలోంచి మెల్లగా పోయింది. వేళ్లు తగలలేదు. చల్లదనం తగిలింది, మంచులో తడి రాయి దగ్గరికి చేయి పోనిచ్చినట్టు.

తలుపు మూసి గడియ పెట్టాను. వీపు ఆనించి నిలబడ్డాను. వెలుగు గీత ఒక్కోచోట తిరిగి వచ్చింది. బూట్లు తొడుక్కున్నారు. టక్... టక్... కర్ర మనిషి అందరికంటే వెనక. టక్... ఠప్.

ఈసారి ఎటు పోయారో విన్నాను. అది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. సమాధుల వైపు కాదు. కిందికి. ఏటి వైపు... వంతెన వైపు.

శౌరి వచ్చే దారి అదొక్కటే.

ఐదో రహస్యం నిలబడే చెప్పాను. ఆఖరి పూస దాటి సిలువను ముద్దు పెట్టుకున్నాను. అప్పుడు కొట్టింది గంట. రెండోసారి. పది దెబ్బలు.

చేతి గడియారం చూశాను. పదీ రెండు.

జపమాల మొత్తం చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఎంత తొందరగా చెప్పినా రెండు నిమిషాల్లో కాదు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు చేశానో. ఏ వైపు నుంచి చేసినా కుదరదు.

ఆ తర్వాత ఎంతసేపటికో కారు వచ్చింది. శౌరి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కుర్చీలో కూలబడి నీళ్లు అడిగాడు. గ్లాసు చేతికిచ్చాను.

"ఏమైందిరా?"

"వంతెన కాడికొచ్చేసరికి కునుకు పట్టిందక్కా. ఒక్క చిటికెల. అద్దం మీద ఎవరో కర్రతోని కొట్టిండ్రు. ఠప్పుమని లేచిన. బండి ఆగి ఉన్నది. గోడకు జానెడు దూరం. ఇంజన్ బంద్. చేతి బ్రేకు గుంజి ఉన్నది. అక్కా... గా బ్రేకు నేను గుంజలే."

గ్లాసు మళ్లీ నింపాను.

"ఎవరో అని దిగి చూసిన. మంచు. ఎవ్వరు కనవడలే. నడుసుకుంట పోతున్న సప్పుడు మాత్రం ఇనవడ్డది. చెక్కబూట్ల సప్పుడు." తలుపు వైపు చూశాడు. "దండ తీసేసినవా?"

"తీసిన."

"ఏడ పెట్టినవ్?"

"రేపు చెప్త. పండుకో."

తెల్లవారాక మెట్టు మీద గిన్నె ఉంది, చెస్ట్‌నట్లు పెట్టినవి పెట్టినట్టే. దండ లేదు. తలుపు మేకుకు తెగిన తెల్లదారం పోగు ఒకటి ఉంది. సమాధులన్నీ తిరిగాను. ఏటి దాకా పోయాను. ఎక్కడా లేదు.

శౌరికి అప్పుడు మొత్తం చెప్పాను. వాడు ఓదెత్‌ను అడిగాడు. ఆవిడ రాత్రి ఇల్లు కదలలేదట. తన చిన్నప్పుడు ఎవరైనా పోతే ఊరంతా రాత్రి తోడు కూర్చునేదట. బూట్లు గుమ్మం బయట వరసగా ఉండేవట. ఇప్పుడు ఎవరూ రారు, ఆ బూట్లు తొడిగేది ఊళ్లో తనొక్కతే అంది. కర్ర పట్టుకుని నడిచే మనిషి ఎవరని శౌరి అడిగితే సమాధుల వైపు చూసింది.  నా చేయి నిమిరి వెళ్లిపోయింది.

ఇంకొక్క మాట. అడవి అవతలి ముసలాయన పోలేదు. తెల్లవారి లేచి సూపు తాగాడట. అంటే ఆ రాత్రి ఆ చుట్టుపక్కల ఎవరూ పోలేదు. ఎవరూ.

సరోజన వదినకు ఇదంతా చెబితే, "మీ తమ్మున్ని కాపాడిండ్రు గదా వదినా, ఇంక భయమెందుకు?" అంటుంది.

కాపాడడానికే వచ్చారని ఎట్లా అనుకోవాలి? పువ్వు చూసి వచ్చారా, వంతెన దగ్గర జరగబోయేది ముందే తెలిసి వచ్చారా? ఎవరూ లేరని నేనన్నందుకు పోయి వాణ్ని లేపారా? లేకపోతే ఎవరో ఒకరి కోసం వచ్చి, ఇక్కడ దొరకక, కిందికి దిగి, అద్దంలోంచి వాడి ముఖం చూసి... ఎందుకో మనసు మార్చుకున్నారా? నేను ఆ పేరు పలికి ఉంటే? తెలియదు. మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. తెలియదు.

శౌరి పుట్టినరోజుకు చామంతులు వదిన ఇప్పటికీ తెస్తుంది. తల్లో పెట్టుకుంటాను. గుమ్మానికి కట్టడం మానేశాను.

శౌరి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ పంతొమ్మిది గుళ్లూ వాడే తిరుగుతున్నాడు. రాత్రి ఫోన్ వస్తే ఇప్పటికీ పోతాడు. ఆ వంతెన మీదుగానే. చలికాలం అక్కడ పది అంటే ఇక్కడ రెండున్నర. రెండున్నరకు నాకు దానంతట అదే మెలకువ వస్తుంది. అక్కడ ఒకసారి కొట్టి ఉంటుంది. లేచి కూర్చుని జపమాల అందుకుంటాను. 'చేరిన అక్కా' అని వాడి నుంచి ఫోన్లో ఒక్క ముక్క వచ్చేదాకా... నా వరకు రెండోసారి కొట్టనట్టే.

కొన్ని రాత్రులు వెంటనే వస్తుంది.

కొన్ని రాత్రులు... జపమాల మొత్తం అయిపోతుంది.